రేపు పొద్దున్నే బయల్దేరదాం

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ మీద నడిచేవాళ్లు దారి తప్పకుండా చెట్లకు తెల్ల చారలు గీసి పెట్టారు. దారిలో తగిలే ఊళ్లో ఆగిపోయే విద్యకు మాత్రం ఏ గుర్తులూ లేవు. అయినా జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర మొదలుపెట్టి మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ దాకా, 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు నడుస్తామని బయల్దేరిన ప్రతి ఒక్కరూ అందులో తమంతట తామే ఆరితేరతారు. ఒక్క అడుగూ ముందుకు పడని రోజును అక్కడ జీరో అంటారు. ముందే అనుకుని తీసుకునే జీరోకు తెలివితేటలు అక్కర్లేదు. కింది సలహాలన్నీ "అనుకోకుండా" తీసుకునే జీరోల కోసం.

ముందు ఒక భాగహారం చేయండి. 3,500ను రోజుకు 25 చొప్పున భాగిస్తే 140 రోజులు. మార్చి చివర్లో మొదలుపెడితే ఆగస్టు మధ్యకల్లా కటాడిన్ మీద ఫొటో దిగుతారు. అక్టోబరు మధ్యలోగా చేరితే చాలంటారు కాబట్టి రెండు నెలలు మిగులు! ఈ భాగహారంలో కొండలుండవు, వానలుండవు, పిక్కలుండవు. కాగితం మీద సంపాదించిన ఆ రెండు నెలల్నీ మొదటి ఊరి నుంచే ఖర్చుపెట్టండి.

ఊళ్లో కాలు పెట్టగానే, "సామాన్లు కొనుక్కుని సాయంత్రానికి మళ్లీ అడవిలో ఉండాలి" అని నలుగురూ వినేలా అనండి. ఆగిపోవాలంటే ముందు ఆగనని చెప్పి ఉండాలి కదా. ఆ వెంటనే స్నానం. ఉన్న బట్టలన్నీ వాషింగ్ మెషీన్లో పడేసి, ఒంటి మీద వాన కోటు ఒక్కటే కప్పుకుని కూర్చున్న మనిషిని లేవమనే ధైర్యం ఎవరికుంటుంది?

ఫోన్లో మూడు వాతావరణం యాప్‌లు ఉంచుకోండి. ఎక్కువ వాన చెప్పేదే నమ్మదగ్గది.

పోస్టాఫీసును తక్కువ అంచనా వేయకండి. రాబోయే ఊరికి మన తిండి మనమే పార్సిల్ చేసుకుంటే, మనం వెళ్లేదాకా అక్కడి పోస్టాఫీసులో దాచి ఉంచుతారు. చిన్న ఊళ్లలో శనివారం మధ్యాహ్నానికల్లా తలుపులు మూసేస్తారు కాబట్టి శనివారం సాయంత్రం చేరుకోండి. మే చివరి సోమవారం మెమోరియల్ డే సెలవు. ఆ వారాంతం కలిసొస్తే మిమ్మల్ని మంగళవారం దాకా సాక్షాత్తూ ప్రభుత్వమే ఆపినట్టు. పార్సిల్లో ఉన్నవి నూడుల్స్ పొట్లాలేనని, ఎదురు కొట్లో కూడా అవే అమ్ముతున్నారని ఎవరూ నోరెత్తకూడదు.

నార్త్ కరోలినాలో హాట్ స్ప్రింగ్స్ అనే ఊరి నడివీధిలోంచే ట్రెయిల్ వెళ్తుంది. భోజనానికి కటాడిన్ వైపు నడిస్తే అదీ ప్రయాణమే. తిన్నాక వెనక్కి నడిచింది లెక్కలో వేయకండి.

తెలుగువాళ్లకు ఇంతకు మించిన సదుపాయం ఒకటుంది. స్ప్రింగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు నడిస్తే నీల్స్ గ్యాప్ అనే కనుమ వస్తుంది. అక్కడి దుకాణం దగ్గర పాత బూట్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. అవి ఇక్కడితో ఆగిపోయినవాళ్లవేమోనని బెంబేలెత్తాల్సిన పనిలేదు. అట్లాంటా ఉత్తరపు శివార్లు అక్కడికి కారులో ఎంతో దూరం కాదు, ఆ శివార్లలో మనవాళ్లు లేని వీధి వెతకాలి. ఒక్క మెసేజ్ పెడితే ఎవరో ఒక క్లాస్‌మేట్ కారేసుకుని వచ్చేస్తాడు. "ఒక్క రాత్రేరా" అని ఎక్కుతాం. ఇంట్లో ఆర్నెల్లకని గుంటూరు నుంచి వచ్చిన వాళ్లమ్మగారు ఉంటారు. ముద్దపప్పు, ఆవకాయ, పక్కనే నెయ్యి గిన్నె. మూడో వాయి వడ్డిస్తూ ఆవిడ విచారణ మొదలుపెడతారు.

"మొక్కా నాయనా?"

"కాదు పిన్నిగారూ."

"మరి అంత దూరం నడిస్తే ఏమన్నా ఇస్తారా?"

"ఏమీ ఇవ్వరండీ."

"ఆ కొండ మీద గుడి ఉందా?"

"బోర్డు ఉంటుందండీ, చెక్కది."

ఆవిడ కాసేపు ఆలోచించి, "దేవుడే ఎదురుచూడనప్పుడు ఈ తొందరెందుకురా? శుక్రవారం పూట ఇంట్లోంచి వెళ్లకూడదు, రేపుండు" అంటారు. దీనికి ఏ హైకింగ్ పుస్తకంలోనూ జవాబు లేదు. శనివారానికి ఎలాగూ పులిహోర కలుపుతారు. ఆదివారం ఆ క్లాస్‌మేటే ఇంకో నలుగురిని పిలిచి, "అడవిలో నడుస్తున్నాడు, తెలుసా" అని మనల్ని చూపిస్తాడు. ఆ సాయంత్రం సోఫాలో కూర్చుని మనం చెప్పినంత గొప్పగా అడవి గురించి అడవిలో ఉన్నవాళ్లెవరూ చెప్పలేరు.

దారంతా కనిపించే పెద్ద మ్యాపు జోలికి పోకండి. ఈ దారి పట్టిన రచయిత బిల్ బ్రైసన్ గాట్లిన్‌బర్గ్ అనే ఊళ్లో దాన్ని చూశాకే, తాను నడిచింది ఎంత చిన్న ముక్కో తెలిసి, వర్జీనియాకు బండెక్కాడు.

ఎమ్మా గేట్‌వుడ్ ఫొటో ఎక్కడైనా గోడకు కనిపిస్తే దానికి వీపు పెట్టి కూర్చోండి. పదకొండుమంది పిల్లల్ని కన్న ఆ తల్లి 1955లో, 67 ఏళ్ల వయసులో, సొంతంగా కుట్టుకున్న సంచీ భుజాన వేసుకుని ఒంటరిగా మొత్తం నడిచేసింది. అలాంటివాళ్లు జీరో రోజున గుర్తు రాకూడదు.

నిజానికి ఆగడం తప్పేమీ కాదు. కండరాలు బలపడినంత త్వరగా వాటిని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు బలపడవు. మొదటి వారాల్లో మొండిగా నడిచి కాళ్లు చెడగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఒళ్లు అడిగిన విశ్రాంతి దానికి ఇచ్చేస్తే పేచీయే లేదు. కానీ "ఇవాళ నాకు నడవాలని లేదు" అన్న నాలుగు మాటలు మన నోట రావు. సెలవు చీటీలో జ్వరమని రాసి రాసి అలవాటైన చెయ్యి. ఇక్కడ మేనేజరు లేడు, హాజరు పట్టీ లేదు, జీతం కోత లేదు. అసలు జీతమే లేదు. ఆర్నెల్లు ఎవరినీ అడక్కుండా బతుకుదామని ఉద్యోగం వదిలి వచ్చినవాళ్లం, సోమవారం పూట మంచం మీద పడుకోవడానికి పోస్టుమాస్టరు అనుమతి తెచ్చుకుంటాం. పోనీ పడుకున్నాక నిద్రన్నా పడుతుందా అంటే అదీ లేదు. ఈపాటికి ఎవరెవరు ఎంత దూరం పోయుంటారో లెక్కేస్తూ తెల్లార్లూ దొర్లుతాం.

నలుగురు కలిసి గది తీసుకుంటే పొద్దున్నే ఎవరూ నిర్ణయం చెప్పకూడదు. "నాదేముంది, నేను రెడీ, మీరెలాగంటే అలాగే" అనాలి. అందరూ ఇదే అంటూ ఉంటే గది ఖాళీ చేయాల్సిన వేళ దానంతటదే దాటిపోతుంది.

రెండో రోజు సాయంత్రానికి చిన్న గండం ఒకటుంది. వెనక ఎక్కడో మీరు దాటేసి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లోకి దిగి, "అరె, ఇంకా ఇక్కడే ఉన్నారా?" అంటారు. మోకాలు నొప్పని చెప్పండి. ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు, రేపు వాళ్లకూ అదే అవసరం. ఏ మోకాలో మాత్రం గుర్తుపెట్టుకోండి.