పది నిమిషాల్లో పద్నాలుగు రకాలు

ఉదయగిరిలో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, శనివారం పొద్దున్నే రాగలవా? సాయంత్రం మావాడి స్నేహితులు ఆరుమంది వస్తున్నారంట. ఏం లేదంట, సింపుల్‌గా నాలుగు స్నాక్స్ పెడితే చాలంట" అంది. మూడు "అంట"లు. సాయంత్రం వచ్చే ఆరుమందికి పొద్దున్నే నేనెందుకు? మన ఇళ్లల్లో ఏ పనికైనా ముందు "ఏం లేదు" అనే మాట వచ్చిందంటే, దాని వెనకాలే పొయ్యి మీదికి పెద్ద బాండలి వస్తోందని అర్థం. ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కేటప్పటికే నా నడుముకు ఆ సంగతి తెలిసిపోయింది.

మావాడిది బెంగళూరులో ఉద్యోగం. వంట చేయడు గానీ వంట వీడియోలు చూస్తాడు. ముందురోజు రాత్రే తల్లికి పద్నాలుగు వీడియోలు పంపాడు. ప్రతిదాని నెత్తినా "పది నిమిషాల్లో", "చాలా ఈజీ", "ఇంట్లో ఉన్నవాటితోనే" అని రాసి ఉంది. ఇంట్లో ఉన్నవి ఏవంటే: మొజరెల్లా చీజ్, ఒరెగానో, బేబీ కార్న్, మయొనీజ్, బ్రెడ్ పొడి. ఎవరింట్లో ఉన్నవో చెప్పలేదు. మా చెల్లెలి ఇంట్లో ఉన్నవి బొరుగులు, శనక్కాయలు, పుట్నాలపప్పు, ఎర్రగడ్డలు, పొద్దున దోసెలకు పోను మిగిలిన పులిసిన పిండి. కాబట్టి "ఇంట్లో ఉన్నవాటి" కోసం మా మరిది శుక్రవారం నాడే నెల్లూరుకు పోయి రావాల్సి వచ్చింది. పోను రాను అయిన బస్సు ప్రయాణం ఆ పది నిమిషాల్లో కలవదు.

కలవనివి ఇంకా ఉన్నాయి. పనీర్ ముక్కలకు మసాలా పట్టించి "రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి" అన్నాడు ఒకాయన, తొమ్మిదో నిమిషంలో. ఆ రాత్రి లెక్కలో లేదు. "ముందుగా ఉడికించి, చల్లార్చి, తొక్క తీసి పెట్టుకున్న ఆలుగడ్డలు తీసుకోండి" అంది ఇంకొకామె. ఉడికించిందెవరు, చల్లార్చిందెవరు, తొక్క తీసిందెవరు? ఆ వీడియోలో గోళ్లకు రంగు వేసుకున్న రెండు చేతులు కనిపిస్తాయి, ముందు కూరగాయలు తరిగిన చేతులూ తర్వాత గిన్నెలు తోమిన చేతులూ కనపడవు. తెరమీద పది నిమిషాలు ఆడే నాటకానికి తెర వెనక ఎన్ని గంటలు పట్టిందో టికెట్టు కొన్నవాడికి అక్కర్లేదనుకోండి. కానీ ఇక్కడ టికెట్టు కొన్నది మావాడు, తెర వెనక ఉన్నది మేము.

ఈ తిండికి ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు ఒకటుంది, ఓర్ దర్వ్ అని. మాటకు మాట అర్థం చెప్పుకుంటే "పనికి వెలుపలిది". అసలు భోజనంలో లెక్కకు రానిది అని వాళ్ల ఉద్దేశం. ఎంత నిజాయితీ గల పేరు! లెక్కకు రాని పని చేసేవాళ్లను మన ఇళ్లల్లో ఏమని పిలుస్తారో మీకు తెలుసు: అమ్మా, పెద్దమ్మా, వదినా. బ్రెడ్డు ముక్క మీద ఏదో ఒకటి పేర్చి ఇచ్చేదానికి ఇంకో పేరుంది, కనపే. అంటే ఫ్రెంచిలో సోఫా. తినే వస్తువు కూడా సోఫాలో కూర్చున్నాక ఇక నిలబడి ఉండేదెవరో వేరే చెప్పాలా?

ఇంగ్లీషు పేరు అపెటైజర్, అది ఇంకా వింత. ఆకలిని లేపేది అట. మాది మెట్ట. పెన్నకు సోమశిల కట్టినా మా ఉదయగిరి వైపు చేలు ఇంకా మబ్బునే చూస్తాయి. సజ్జ, జొన్న తిని పెరిగిన ఊళ్లు ఇవి. ఇక్కడ ఆకలి పడుకున్నదెప్పుడు, దాన్ని లేపడానికి? వచ్చినవాడికి ఆకలి ఉందా అని అడగడం కూడా మా వైపు మర్యాద కాదు. "రాండి, కాళ్లు కడుక్కోండి, కూర్చోండి" అంటారు, అంతే. విస్తట్లో అన్నం పడ్డాక ఆకలి దానంతటదే లేస్తుంది.

సరే, సాయంత్రం మొదలైంది. ఆరుమంది అన్నవాళ్లు పదకొండుమంది వచ్చారు. క్యాజువల్ పార్టీ కదా, తలుపులు క్యాజువల్‌గా తెరుచుకుంటాయి. హాల్లో పాటలు. వంటింట్లో బాండలి. హాలుకూ వంటింటికీ మధ్య మావాడు తపాలా బంట్రోతులా తిరుగుతూ, "అమ్మా, ఇంకో ప్లేటు మంచూరియా", "పెద్దమ్మా, అది వేడిగా ఉంటేనే బాగుంటుంది" అని కబుర్లు మోశాడు. వేడిగా ఉంటేనే బాగుండే వంటకంలో ఉన్న చిక్కు ఏమంటే, దాన్ని వేయించేవాళ్లు పార్టీ అయ్యేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలడానికి లేదు. సోమశిల జలాశయంలో 78 టీఎంసీల నీళ్లు పడతాయి, మా చెల్లెలి ఓర్పు అంతకంటే ఎక్కువే పడుతుంది. దానికైనా గేట్లున్నాయి.

మంచూరియా గురించి ఒక్క మాట. చైనావాళ్లకు దాని మొహం తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో ఒక క్లబ్బు వంటింట్లో దీన్ని పుట్టించాడని చెప్పుకుంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవి, సోయా సాసు వాళ్లది. ఆయన జీతానికి చేసిన వంట అది. వెనకాల తరిగేవాళ్లూ తోమేవాళ్లూ ఉన్న హోటలు వంట. నలభై ఏళ్లు తిరిగేసరికి అది ఆత్మకూరు బళ్ల మీదికి వచ్చింది, అక్కడా బాగానే ఉంది. ఇంట్లోకి వచ్చాకే దాని పక్కన "ఈజీ" అనే మాట చేరింది. హోటల్లో నలుగురు చేసేది ఇంట్లో ఒకరు చేస్తే ఈజీ ఎట్ట అయిందో ఏ లెక్కల మాస్టారూ చెప్పలేడు. (దాచడమెందుకు, ఆ బేబీ కార్న్ మంచూరియా బాగుంది. పొయ్యి పక్కన నిలబడి నేనే ఏడు తిన్నాను.)

ఇక పుల్లల సంగతి. చేత్తో తినే తిండి అన్నారు, అంతలో చెయ్యి తగలకూడదన్నారు. ప్రతి ముక్కకూ ఒక పుల్ల గుచ్చాలి. ఆ పుల్లలకు నెత్తిన రంగు కాగితం కుచ్చులు. మావాడు వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించాడు, ప్లాస్టిక్ ఫోర్కులతో సహా, ఉదయగిరికి! దుర్గం కొండల నుంచి నర్ది, బిక్కి కొయ్య తెచ్చి, చెక్కి, ఆకురాయితో అరగదీసి నున్నటి చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే ఊరు ఇది. ఉదయగిరి కొయ్య సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు బోలెడుమంది. ఈ ఊళ్లో చేసిన ఫోర్కు పట్నం ఎగ్జిబిషన్‌కు పోతుంది, ఏ ఊళ్లో చేసిందో తెలియని ప్లాస్టిక్ ఫోర్కు ఈ ఊరికి వస్తుంది. రెండూ దారిలో ఎక్కడో లారీల్లో ఎదురుపడే ఉంటాయి. "ఒరే, పక్క వీధిలో చెక్కుతారు కదరా" అన్నాను. "అవి కాస్ట్లీ పెద్దమ్మా, పారేసేదానికి బాగుండవు" అన్నాడు. అదీ నిజమే. పారేయడానికి మనసొప్పని వస్తువు క్యాజువల్ పార్టీకి పనికిరాదు.

ఉదయగిరికి అతిథులు కొత్త కాదు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు సైన్యంతో వచ్చి కొండ కింద దిగాడు. గజపతుల కోట 1514లో గానీ లొంగలేదు. అన్ని నెలలు అంతమంది గుమ్మం ముందు కూర్చున్నా కోటలోంచి ఒక్కరూ "సింపుల్‌గా ఏమైనా పంపమంటారా" అనలేదు. రాయలవారు పోతూ పోతూ ఇక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ గుడి హంపిలో ఇప్పటికీ ఉంది. నాకు ఆ స్వామి మీద ఒక ఫిర్యాదు ఉంది. పొయ్యి అక్కర్లేని, నూనె అక్కర్లేని, పుల్ల అక్కర్లేని, గుప్పిట్లో పట్టే చిరుతిండి ఒకటి లోకానికి చూపించినవాడు ఆయనే కదా. వెన్న. వీడియో తీస్తే పది నిమిషాలు కూడా పట్టదు. చిలికింది మాత్రం యశోద.

అంటే పాతకాలంలో అంతా సుఖమే అని నేను అనబోవడం లేదు. మా అమ్మ మురుకులు చేసిన రోజుల్లో పిండి విసరడం దగ్గర్నుంచి డబ్బాకు మూత పెట్టేదాకా రెండు రోజులు పట్టేది, పక్కింటి అత్త, ఎదురింటి అక్క వచ్చి చెయ్యి కలిపితే కూడా. అదీ ఆడవాళ్ల వీపే. కానీ దాన్ని ఎవరూ ఈజీ అనలేదు. పిండివంట అన్నారు. వంట అని పేరులోనే ఒప్పుకున్నారు. పైగా చేసినవి డబ్బాలో పదిహేను రోజులుండేవి. ఎవరొచ్చినా అమ్మ డబ్బా తెచ్చి, మూత తీసి, తానూ వాళ్ల పక్కనే కూర్చునేది. ఆ కూర్చోవడం ఎప్పుడు పోయింది మన వంటిళ్లలోంచి?

నిజంగా ఈజీ అయిన పార్టీ మన ఆడవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. పేరంటం. శ్రావణ శుక్రవారం నాడు ఇంటావిడ చేసేదల్లా ముందురోజు రాత్రి శనగలు నీళ్లలో పోయడం. వచ్చినవాళ్లకు పసుపు, కుంకుమ, తాంబూలం, గుప్పెడు నానిన శనగలు. తినడం అక్కడ లేదు. కొంగులో మూట కట్టుకుని పోయి, ఎవరింట్లో వాళ్లు తాలింపు పెట్టుకోవాలి! వంటను అతిథికే అప్పగించి, దానికి వాయనం అని పేరు పెట్టి, పైగా పుణ్యం కూడా సంపాదించిన తెలివి ఇంకే దేశంలో ఉంది? వారం రోజులు ఊరంతా గుగ్గిళ్లు తినాల్సి వచ్చేది, అది వేరే కథ. కానీ ఇంటావిడ చీర నలగలేదు. ఈ కిటుకు మీద ఏ వంటవాడూ వీడియో తీయలేదు, తీయడానికి అందులో వంట లేదు గదా.

పోనీ, అంత పుణ్యం వద్దంటే ఉడకబెట్టిన శనక్కాయలున్నాయి. కుక్కరు వేసి ఉప్పేస్తే అది ఉడుకుతుంది, మీరు హాల్లో కూర్చుంటారు. తొక్క తీసుకునే పని అతిథిది. బొరుగుల్లో ఎర్రగడ్డలు, కారం, నిమ్మకాయ పిండుకునే పని కూడా గిన్నె మధ్యలో పెట్టి అతిథికే వదిలేయొచ్చు. మిగిలిన పులిసిన పిండి పులిబొంగరాలకు అవుతుంది, కానీ అందులో మళ్లీ బాండలి ఉంది కాబట్టి ఆ మాట నేను ఆ ఇంట్లో ఎత్తలేదు. అన్నిటికంటే ఈజీ దారి సందు చివర బజ్జీల బండి. నూటయాభై రూపాయలిస్తే పొట్లం కట్టి ఇస్తాడు. ఆయనది ఆయన పని, లెక్కలో ఉన్న పని. ఈ మాట చెబితే మావాడు మొహం చిట్లించాడు. "బయటివి పెడితే ఏం బాగుంటుంది పెద్దమ్మా? ఇంట్లో చేస్తే ఆ ప్రేమే వేరు."

రాత్రి పదకొండుకు అందరూ పోయారు. పోతూ పోతూ ఒకమ్మాయి వంటింట్లోకి తొంగిచూసి, "ఆంటీ, మీరు బయటికే రాలేదు, కలుద్దామనుకున్నాం" అంది. మంచి పిల్ల. మా చెల్లెలు చేతులు తుడుచుకుంటూ, "ఏముందమ్మా, ఏం చెయ్యలేదు, సింపుల్‌గానే" అంది. ఆ మాట విన్నాక నాకు కోపం మావాడి మీదినుంచి చెల్లెలి మీదికి మళ్లింది.

మొన్న మావాడే నాకు ఫోన్ చేశాడు. వచ్చే నెల ఇంకోటి ఉందంట. ఈసారి అమ్మకు అంత శ్రమ లేకుండా వేరేగా ఆలోచించాడంట, లైవ్ కౌంటర్ పెడదామని.

"అంటే ఏందిరా?"

"అందరి ముందరా అప్పటికప్పుడు వేడివేడిగా వేసి ఇస్తారు పెద్దమ్మా. దోసె, పొంగణాలు, ఏదైనా. అమ్మ కూడా అందరితో ఉన్నట్టు ఉంటుంది."

"అది సరే. నిలబడేదెవరు?"

"హలో? హలో? పెద్దమ్మా, వినపడటం లేదు" అన్నాడు.

మా ఆత్మకూరులో ఆ రోజు సిగ్నల్ బాగానే ఉంది.