నొస్తలేదు గదా: పళ్ళు పోగొట్టుకునేవారికి కొన్ని చిట్కాలు

మెదక్ జిల్లా కుల్చారంలో కూర్చుని సలహాలు ఇవ్వాలంటే కొంచెం జంకు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథ సూరిది ఈ ఊరే. ఆయన ఇంటిపేరు కోలాచలం. ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని ముందే చెప్పి మరీ కలం పట్టిన మనిషి. అలాంటి ఊళ్ళో, పళ్ళ గురించి మనం ఒకరికొకరం చెప్పుకునే మాటలకు ఆధారం ఏదని ఎవరైనా అడిగితే పరువు పోతుంది. అదృష్టవశాత్తూ ఎవరూ అడగరు. బస్సు స్టేజీ దగ్గర చాయ్ తాగుతూ ఒకాయన చెబుతాడు, పక్కాయన తలూపుతాడు, పళ్ళు మాత్రం మూడో ఆయనవి పోతాయి. ఆ సలహాలను ఒకచోట చేర్చి, ఎవరికి ఏది సరిపోతుందో ఇక్కడ పెడుతున్నాను. శ్రద్ధగా పాటించండి.

అన్నిటికన్నా ముందు, నొప్పి పుట్టేదాకా కదలొద్దు. పిప్పి పన్నయితే అర్ధరాత్రి లేపి మరీ తన సంగతి చెబుతుంది. చిగుళ్ళ జబ్బు అలా గోల చేయదు. పంటి మీద చేరిన మెత్తటి పాచిని అలాగే వదిలేస్తే, ఉమ్మిలోని ఖనిజాలు పట్టి కొన్నాళ్ళకే అది గట్టిపడి గార అవుతుంది. గార గరుకు మీద కొత్త పాచి ఇంకా సులువుగా అంటుకుంటుంది. అందులోని సూక్ష్మజీవుల మీదికి మన ఒళ్ళు తన సైన్యాన్ని పంపుతుంది. ఆ యుద్ధం ఏళ్ళ తరబడి సాగి, పంటిని పట్టుకున్న ఎముకే కరుగుతూ పోతుంది. చిగురు వాచి ఎర్రబడిన దశలో శుభ్రం చేసుకుంటే మళ్ళీ మామూలవుతుంది. ఎముక కరిగాక మాత్రం దానంతట అది తిరిగి రాదు. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పే ఉండదు. అందుకే 'నొస్తలేదు గదా, ఏం కాదు తియ్' అనే మాటకు మన దగ్గర అంత బలం. ఈ ధీమా మన ఒక్కరిదే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక లెక్క ప్రకారం ముదిరిన చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు ప్రపంచంలో వంద కోట్లకు పైనే.

బ్రష్ చేస్తుంటే రక్తం కనబడిందా? వెంటనే ఆ వైపు తోమడం మానేయండి. దెబ్బ తగిలిన చోట ముట్టుకోకూడదు కదా! నాలుగు రోజులు మానేస్తే రక్తం ఇంకా ఎక్కువ వస్తుంది, దాంతో మానేయడం సరైన పనేనని రుజువవుతుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హారల్డ్ లోయె అనే నార్వే దంతవైద్యుడు ఈ సలహాను నిజంగానే పరీక్షించాడు. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది చేత పళ్ళు తోమడం మాన్పించాడు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల పన్నెండు మందికీ చిగుళ్ళు వాచాయి, ఒక్కరూ తప్పించుకోలేదు. మళ్ళీ తోమమన్నాడు. వారం పది రోజుల్లో అందరివీ మామూలయ్యాయి. అంటే రక్తం వచ్చేది బ్రష్ తగిలినందుకు కాదు, అంతకు ముందు బ్రష్ తగలనందుకు. మనం ఈ ప్రయోగంలో మొదటి సగం దగ్గరే ఆగుదాం.

ఎవరైనా ఎదురు మాట్లాడితే తాతను దించండి. 'మా తాత జిందగీల బ్రష్ ముట్టలే, బొగ్గుతోని తోమిండు, తొంభై ఏండ్లకు మక్క కంకి కొరికిండు' అనే మాట కుల్చారంలోనే కాదు, రంగంపేటలో, నర్సాపూర్‌లో, హైదరాబాద్ అపార్టుమెంటు లిఫ్టులో కూడా వినబడుతుంది. ఆ తాత అబద్ధం కాదు. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసే 480 మంది మగవాళ్ళను ఇదే లోయె బృందం 1970 నుంచి పదిహేనేళ్ళు గమనించింది. వాళ్ళెవరికీ బ్రష్ అలవాటు లేదు, పళ్ళ డాక్టరు మొహం తెలియదు. అందరి నోళ్ళలోనూ పాచి, గార, వాచిన చిగుళ్ళే. అయినా అందులో 11 శాతం మందికి జబ్బు వాపు దాటి ముందుకు పోలేదు. 81 శాతం మందికి పంటి పట్టు మెల్లమెల్లగా సడలింది. మిగిలిన 8 శాతం మందికి ఎంత వేగంగా సాగిందంటే, నలభై అయిదేళ్ళు వచ్చేసరికి నోట్లో పళ్ళే లేవు.

మీ తాత నూటికి ఆ పదకొండు మందిలో ఒకరు. మిగతా ఎనభై తొమ్మిది మంది తాతల సంగతి ఎవరూ ఎత్తరు. జొన్న రొట్టెను చారులో నానబెట్టుకుని తిన్న తాత గురించి మనవడు గొప్పగా చెప్పుకునేది ఏముంటుంది? సకినాలు చేసిన రోజున పిల్లలకు పంచి తాను పొడి నాకిన అవ్వ ఎవరి వాదనలోకీ రాదు. మీరు ఏ లెక్కలో పుట్టారో అద్దంలో చూసుకుంటే తెలియదు. కాబట్టి నిశ్చింతగా కంకి కొరికిన తాతనే నమ్ముకోండి.

తాత వాడిన సరంజామా కూడా తెచ్చుకోండి. వేప పుల్లను మాత్రం పక్కన పెట్టండి. చివర మెత్తగా నమిలి, కుచ్చు చేసి, ఓపిగ్గా తోమితే పాచి పోతుంది. అది మనకు కుదరదు. ఇటుక పొడి, బొగ్గు, రాళ్ళ ఉప్పు శ్రేష్ఠం. చూపుడు వేలితో గట్టిగా అడ్డంగా రుద్దండి. పంటి మెడ అరిగి, చిగురు వెనక్కి జరిగి, చల్లటి నీళ్ళు తగిలితే జివ్వున లాగుతుంది. అప్పుడు తోముడు తగ్గించడానికి మంచి కారణం దొరికినట్టే. పొగాకు కలిపిన పళ్ళపొడులను కేంద్రం 1992లోనే నిషేధించింది. అయినా పొద్దున్నే కాస్త తంబాకు నలిపి చిగుళ్ళకు రాసుకునేవాళ్ళు ప్రభుత్వం మీద ఆధారపడకుండా సొంతంగా ఏర్పాటు చేసుకుంటూనే ఉన్నారు.

ఇక్కడ, అసలు తోమడమే ఎందుకని ఒక అభ్యంతరం రావచ్చు. కుల్చారంలో పార్శ్వనాథుడి జైన క్షేత్రం ఉంది. దిగంబర మునులు పాటించే 28 మూలగుణాల్లో ఒకటి అదంతధావనం, అంటే పళ్ళు తోముకోకపోవడం. 'సాధువులే తోముకోరు, మనమెంత' అని వాదించడానికి ఇంతకన్నా పవిత్రమైన సాక్ష్యం దొరకదు. కాకపోతే అదే 28లో ఇంకొన్ని ఉన్నాయి. రోజుకు ఒక్కపూటే తినాలి, నిలబడి తినాలి, దోసిలే పాత్ర. నీళ్ళు కూడా ఆ పూటే. దేహం మీద మోహం వదులుకునే వ్రతంలో పళ్ళు ఒక భాగం. పొద్దున చాయ్‌లో బిస్కట్, పదింటికి మిర్చి బజ్జీ, సాయంత్రం సర్వపిండి, నిద్రకు ముందు ఇంకో చాయ్ లాగించే మనం ఆ 28లో ఒక్కటి మాత్రం ఏరుకోవడమే మన గొప్ప.

బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు ఒక శుభవార్త. వాళ్ళ చిగుళ్ళు అంతగా రక్తం కారవు. నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది. అందువల్ల చిగురు పైకి గట్టిగా, పాలిపోయి, నెమ్మదిగా ఉన్నట్టు కనబడుతుంది. లోపల ఎముక మాత్రం తాగనివాళ్ళకన్నా వేగంగా కరుగుతుంది. జబ్బు చేసే ఒకే ఒక్క హెచ్చరికను కూడా ఆపి పెట్టే సౌకర్యం ఇది. పొగ మానేశాక కొన్నాళ్ళకు రక్తం కనబడితే 'మానినందుకే వచ్చింది' అని మళ్ళీ మొదలుపెట్టండి. గుట్కా నమిలేవాళ్ళది ఇంకా ముందుచూపు. 2024 మేలో రాష్ట్రంలో మళ్ళీ నిషేధించారు. దొరికే చోట దొరుకుతూనే ఉంది. అందులోని వక్క బుగ్గల లోపలి పొరను నారలా బిగించేస్తుంది. నోరు మూడు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోని రోజు వస్తుంది. బ్రష్ పట్టదు, డాక్టరు అద్దం పట్టదు, క్యాన్సర్ వచ్చినా లోపలికి తొంగిచూడడం కష్టం.

బీడీలు తాగేవాళ్ళ గురించి చెప్పి చేసేవాళ్ళను వదిలేస్తే అన్యాయం. మన మెదక్ వైపు ఊళ్ళలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు కూలి వెయ్యి లెక్కన. ఒకరోజు పళ్ళ కోసం పట్నం పోతే ఆ రోజు చాట ఖాళీ. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. పోయిన కూలిని ఏ బస్సూ తిరిగి ఇవ్వదు. వాళ్ళకు 'ఇంటిల్లిపాది పని అయినంక చూద్దాం' అనే సలహా మనం ఇవ్వక్కర్లేదు, పుట్టింట్లోనే ఇచ్చి పంపుతారు. ఈ ఒక్క చోట నాకు వెక్కిరించబుద్ధి కావడం లేదు.

కడుపుతో ఉన్నవాళ్ళకు చెప్పాల్సింది ఒకటే: బిడ్డ తల్లి పళ్ళలోని సున్నం లాగేసుకుంటుంది, కాన్పుకో పన్ను పోవడం సహజం. నిజానికి బిడ్డ పళ్ళ జోలికి పోదు. హార్మోన్లు పెరిగి, ఉన్న పాచికే చిగుళ్ళు ఎక్కువగా వాచి రక్తం కారుతాయి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి అనువైన కాలమని డాక్టర్లు అంటారు. అత్తగారు వద్దంటారు. అత్తగారి మాటే నెగ్గాలి.

షుగర్ ఉన్నవాళ్ళు పళ్ళ డాక్టరుకు షుగర్ సంగతి చెప్పొద్దు, షుగర్ డాక్టరుకు పళ్ళు చూపొద్దు. ఇద్దరినీ కలవనివ్వకపోవడం ముఖ్యం. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళలో చీము, వాపు ఉంటే షుగర్ అదుపులోకి రాదు. కళ్ళు, కిడ్నీలు, నరాల జబ్బుల వరసలో దీన్ని షుగర్ తెచ్చే ఆరో చిక్కుగా 1993లో మన లోయెగారే చేర్చాడు. చిగుళ్ళకు వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో షుగర్ అదుపును చూపే హెచ్‌బిఎ1సి సగటున 0.4 వరకు తగ్గుతోందని తేలింది. ఆ కాస్త కోసం నోరు తెరవడమెందుకు, ఇంకో గోలి వేసుకుంటే పోలా?

పిల్లల సంగతి తేలిక. పాలపళ్ళే, ఎలాగూ ఊడేవే.

శివరాత్రికి ఏడుపాయల జాతరలో మటన్ తిన్నాక పళ్ళ సందున పీచు ఇరుక్కుంటుంది. చీపురు పుల్ల, పిన్నీసు, అగ్గిపుల్ల, మోటార్ సైకిల్ తాళం, ఏది చేతికందితే దానితో కెలకండి. చిగురు చీలి, సందు పెద్దదై, వచ్చే ఏడు ఇంకా పెద్ద ముక్క పడుతుంది.

చిగురు ఉబ్బి చీము పట్టినప్పుడు ఆర్‌ఎంపీ దగ్గర మూడు రోజుల గోలీలు తెచ్చుకోండి. వాపు దిగుతుంది. గార లోపలే ఉంటుంది కాబట్టి మళ్ళీ వస్తుంది, మళ్ళీ తెచ్చుకోండి. ఎవరైనా క్లీనింగ్ అన్నారో, 'కడిగిస్తే పండ్లు ఊగుతయి' అనే బ్రహ్మాస్త్రం వేయండి. ఈ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. చెరువు కట్ట కోసుకుపోయిన చోట చెత్త అడ్డంపడి కొన్నాళ్ళు నీళ్ళు ఆగినట్టు, ఎముక పోయిన చోట గార గడ్డకట్టి ఊగే పళ్ళను ఒకదానికొకటి అంటించి పెడుతుంది. గార తీశాక అసలు పరిస్థితి బయటపడుతుంది. సందులు కనబడతాయి, పన్ను కదులుతుంది, చల్లదనం తగులుతుంది. నేరం గారది, నింద క్లీనింగ్‌ది. పళ్ళు గట్టిగా ఉన్నప్పుడే కడిగించుకున్నవాళ్ళకు ఇవేవీ పెద్దగా తెలియవు. అందుకే వాళ్ళను ఎవరూ సాక్ష్యానికి పిలవరు. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందనే మాట కూడా జేబులో ఉంచుకోండి, అబద్ధమే కానీ పనిచేస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వెనకబడి ఏమీ లేరు. అక్కడ చాలా దంత బీమాల్లో ఏడాదికి రెండు క్లీనింగులు వస్తాయి. అవి వదిలేసుకుని, పళ్ళన్నీ ఇండియా ట్రిప్పులో ఒక్క వారంలో చేయించుకుందామని దాచిపెడతారు. చిగుళ్ళ వైద్యం ఒక్క వారంలో తేలదు. కడిగాక కొన్ని వారాలు ఆగి, మాని ఎంత దగ్గరపడిందో మళ్ళీ కొలిచి చూడాలి. అప్పటికి విమానం ఎక్కేసి ఉంటారు.

ఇంత చదివాక కూడా పళ్ళు ఉంచుకోవాలనే మొండితనం మిగిలిందా? అయితే పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, మెత్తటి బ్రష్‌తో చిగురు అంచు వెంట రెండు నిమిషాలు తోమండి. రక్తం వచ్చిన చోట మానకుండా, నెమ్మదిగా, ఇంకా శ్రద్ధగా తోమండి. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే, షుగర్, కడుపు, బీడీ, గుట్కా ఏది ఉన్నా ఆ సంగతి దాచకుండా పళ్ళ డాక్టరుకు చెప్పండి. సంగారెడ్డిలో ఎంఎన్‌ఆర్ దంత వైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. పన్ను ఊగకముందే వెళ్ళండి.