మాడిన మల్లెకు టీకా తాత్పర్యం

ఆ. రోహిణెండలోన రోజుకు ముమ్మారు
నీళ్ళు పోసి పోసి నీరసించి
పచ్చవలను కట్టి పందిరి వేసినా
మల్లె మాడిపోయె; మందు చెప్పు!

అవతారిక: బెజవాడలో మిద్దెతోట పెంచుతున్న ఒకానొక గృహస్థు, మే నెలాఖరున, కడియం మొక్కలు తెచ్చి అమ్మే నర్సరీ అతనితో మొరపెట్టుకుంటున్నాడు.

ప్రతిపదార్థం: రోహిణెండలోన = మే 25 ప్రాంతంలో మొదలై మృగశిర వచ్చేదాకా రోళ్ళు పగలగొట్టే ఎండలో (ఇత్వసంధి; ఎండ ధాటికి ఇకారమే ఇగిరిపోయింది); ముమ్మారు = పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం; నీళ్ళు పోసి పోసి = కుండీ కింది పళ్ళెం పొంగి, తూములోంచి కింది వాటావారి బట్టల మీద పడేదాకా పోసి; నీరసించి = తానే అలసి; పచ్చవలను = షేడ్‌నెట్‌ను; మల్లె = బొడ్డుమల్లె; మందు = సీసాలో దొరికేదేదైనా.

తాత్పర్యం: ఇంత చేసినా చచ్చిందేమని.

విశేషాలు: నీళ్ళూ నీడా అన్నీ ఉండి మొక్క బతకలేదు గనుక ఇది విశేషోక్తి అని వక్త నమ్మకం. కాదు, కావ్యలింగం. మొదటి మూడు పాదాలూ నాలుగో పాదానికి హేతువులు.

‘ముమ్మారు’లో నడిమి మారు చూడండి. మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు. వేళ్ళకు ఆ నీళ్ళే అభిషేకం! అసలా వేళకు ఆకు వాలేది ఎప్పుడూ దాహంతోనే కాదు. ఆకులోంచి ఆవిరైపోయేంత వేగంగా వేరు నీరు అందించలేక వాలుతుంది. మట్టిలో తడి ఉంటే చల్లబడ్డాక తనే లేస్తుంది. అంతవరకు ఆగే ఓపిక ఈయనకు లేదు. చెంబెడు పోస్తాడు. మట్టిలో గాలికి చోటుండదు, వేరుకు ఊపిరాడదు, కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు కనుక ఆకు మళ్ళీ వాలుతుంది. మళ్ళీ చెంబు.

పూర్వపక్షం: ‘మాడిపోయె’ అన్నాడు గనుక దోషం ఎండదే. సమాధానం: వేరు కుళ్ళినా ఆకు గోధుమరంగుకు తిరిగి మాడినట్టే కనిపిస్తుంది. మల్లె వేసవి పువ్వు. ఎండ తగ్గితే పూతా తగ్గుతుంది. పచ్చవల ఆకుకూరల నారుకు, ఫెర్న్‌లకు, ఆర్కిడ్లకు. దాన్ని నాలుగు వైపులా దించి కట్టి, గాలాడకుండా చేసి, అందులో మల్లెను కూర్చోబెట్టడాన్ని గృహస్థు గ్రీన్‌హౌస్ అంటాడు. పిండినల్లి కూడా ఆ ఇంటిని మెచ్చుకుంటుంది.

‘చెప్పు’ అనడంలో చనువు ధ్వనిస్తోంది. సీసాలు అమ్ముకునేవాడికి ఇంతకన్నా మంచి బేరం ఉండదు.

సిద్ధాంతం: మందు అక్కర్లేదు. పళ్ళెం తీసేయాలి, కుండీ అడుగు చిల్లు పూడిపోయిందేమో చూడాలి, వల పక్కలు విప్పి మల్లెను మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయాలి. మట్టిలో వేలు రెండంగుళాలు గుచ్చి, పొడిగా తగిలితేనే పొద్దున్నే నీళ్ళు పోయాలి. ఇక పాఠకులకు ఒక మనవి: ఎండిపోయిందని మొక్కను పీకేముందు కొమ్మ బెరడును గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే అది ఇంకా బతికే ఉంది.