చెరువు పోరాటం కండువా కప్పుకుంది

అయిపోయింది. వీళ్లూ పార్టీ పెట్టేశారు. ‘మాకు పదవులొద్దు, పార్టీల పేరెత్తొద్దు’ అంటూ ఆర్డీవో ఆఫీసు ముందు టెంటు వేసినవాళ్లు ఇప్పుడు ‘ప్రజల ఒత్తిడి మేరకు’ రాజకీయాల్లోకి వస్తున్నారట. ఒత్తిడి చేసిన ఆ ప్రజలెవరో గానీ మా వీధిలో మాత్రం లేరు.

పార్టీ పెట్టడం ఎంతసేపు? ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద 30 రోజుల్లో దరఖాస్తు, 100 మంది ఓటర్లు, 10 వేల రూపాయలు. సోషలిజానికి కట్టుబడి ఉంటామని నియమావళిలో రాసివ్వాలి. రియల్ ఎస్టేటు పెద్దలు కూడా ఆ వాక్యం గుండ్రటి అక్షరాల్లో రాసిస్తారు.

అసలు తంటా కండువాది. రంగు తేలకే ప్రకటన ఆలస్యమైందని వినికిడి. పసుపు, గులాబీ, కాషాయం ముందే పోయాయి. ఎరుపు పెట్టుకుంటే చందాలు రావు. చివరికి మిగిలిన రెండు రంగులు అతికించి కుట్టించారు.

అదీ పాలిస్టరు. టెంటు కింద భుజాన వేసుకున్నవి నూలు తువ్వాళ్లు, చెమట తుడుచుకోవడానికైనా పనికొచ్చేవి.

సరే, మొదటి కండువా ఎవరి మెడలో పడింది? ఏ చెరువు కోసం రిలే దీక్షలు చేశారో, ఆ చెరువులో వెంచరు వేసినాయన మెడలో! ఆయనకది నాలుగో కండువా. అలవాటైన మెడ, ఫొటోగ్రాఫరు చెప్పకుండానే వంగింది.

ఫ్లెక్సీల సంగతి ఎత్తను.

ఉద్యమం పార్టీ కావడం మనకు కొత్తేం కాదు. 1971లో జనం తెలంగాణ ప్రజా సమితికి తెలంగాణలోని 14 లోక్‌సభ సీట్లలో 10 ఇచ్చారు. ఏడాది తిరక్కుండా మర్రి చెన్నారెడ్డి దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. 1969 తెలంగాణ ఉద్యమంలో కాల్పులకు పోయిన పిల్లల తల్లులను ఎవరైనా అడిగారా? 2001లో పుట్టిన టీఆర్‌ఎస్, రాష్ట్రం వచ్చాక ఫక్తు రాజకీయ పార్టీనంది. 2022లో పేరులోంచి తెలంగాణనే తీసేసింది. కోదండరాం 2018లో జన సమితి పెడితే అసెంబ్లీలో ఒక్క సీటూ రాలేదు.

ఓడినందుకు కాదు నా కోపం. పార్టీ పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? కూలి మానుకుని వంతులేసుకుని దీక్షలో కూర్చున్న ఆడవాళ్లను ఒక్క మాట అడగరా? కేసులు మీదేసుకుని వాయిదాలకు తిరుగుతున్న కుర్రాళ్ల లాయరు ఫీజు ఎవరిస్తున్నారు? ఆవిర్భావ సభలో ఆ కుర్రాళ్లే కుర్చీలు మోశారు. సిగ్గుండాలి!

కార్యవర్గం జాబితాలో వాళ్ల పేరు ఒక్కటీ లేదు. వెంచరాయన కోశాధికారి. మేనిఫెస్టోలో చెరువు ఉందా అని అడిగితే, పొత్తులు తేలాక చెబుతామన్నారు.