బంతి భద్రంగానే ఉంది

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఆట సామాను ఎక్కడుంటుందని ఏ ఊళ్ళో అడిగినా ఒకటే జవాబు: బీరువాలో. సమగ్ర శిక్ష పథకం లెక్కన ప్రాథమిక బడికి క్రీడా గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయలు. ఆ డబ్బు అందిన ఏడు రెండు బంతులు, నాలుగు స్కిప్పింగు తాళ్ళు, రెండు టెన్నికాయిట్ రింగులు, ఒక క్యారమ్ బోర్డు వస్తాయి. వచ్చిన రోజే స్టాకు రిజిస్టరులోకి ఎక్కుతాయి. అక్కడికి ఎక్కిన వస్తువుకి ఆటతో రుణం తీరిపోయినట్టే. బంతన్నాక ఎగరాలి, గోడ దాటాలి, ముళ్ళకంపలో పడాలి, చివరికి పేలాలి. కానీ ‘ఫుట్‌బాల్ – 2’ అని ఎర్రసిరాతో రాసుకున్నాక అది పేలడానికి వీల్లేదు. పేలితే ఆడిటుకి జవాబు చెప్పుకోవాల్సింది ఆడిన పిల్లాడు కాదు, సంతకం పెట్టిన హెడ్మాస్టారు. అందుకని ఆయన బంతిని పిల్లల నుంచి కాపాడతాడు. మనమైనా అంతే చేస్తాం.

తనిఖీకి వచ్చిన అధికారి బీరువా తెరిపిస్తాడు. బంతిని బొటనవేలితో నొక్కి చూస్తే సొట్ట పడుతుంది, పడిన సొట్ట పడినట్టే ఉండిపోతుంది.

“గాలి లేదేమండీ?”

“పంపు ఇవ్వలేదు సార్.”

“సరేలెండి, బంతి భద్రంగానే ఉందిగా” అని టిక్కు పెట్టి వెళ్ళిపోతాడు. వ్యాయామ విద్య తనిఖీ పూర్తయింది.

ఈలోగా ఇంటర్వెల్లులో పిల్లలు ఏం చేస్తున్నారంటే, పాత గుడ్డపేలికలు ఉండ చుట్టి, దానికి సైకిల్ ట్యూబు కోసిన రబ్బర్లు బిగించి, ఏడుపెంకులాట ఆడుతున్నారు. ఆడపిల్లలు సుద్దముక్కతో గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. బిళ్ళ అంటే పగిలిన బంగాళాపెంకు ముక్క. దానికి గ్రాంటు లేదు, రిజిస్టరు లేదు. కాబట్టే అది ఇంకా ఆటలో ఉంది.

చట్టం సంగతి చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నారు. తరగతి తరగతికీ ఆట సామాను ఇవ్వాలన్నారు. ఆడించే మనిషి దగ్గరికి వచ్చేసరికి చట్టానికి కాస్త ఆయాసం వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, అదీ పిల్లలు వందమంది దాటితే, ఒక పార్ట్‌టైమ్ వ్యాయామ బోధకుడు. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఊసే లేదు. అంటే చట్టం దృష్టిలో ఆరో తరగతికి వస్తేగానీ పిల్లలకి కాళ్ళూ చేతులూ మొలవవు. ఆ మొలిచేది కూడా వందమంది దాటిన బడిలోనే. తొంభై తొమ్మిది మంది ఉన్న బడిలో మొండేలే చదువుకోవాలి.

అయినా టైమ్‌టేబులులో ‘ఆటలు’ అని ఒక గడి ఉంటుంది, చివరి పీరియడు. ఆ గడి నిజానికి పొదుపు ఖాతా. గణితం సిలబస్ వెనకబడితే అందులోంచి తీసుకోవచ్చు. పరీక్ష మార్కులు ఎక్కించాలన్నా, గుడ్ల లెక్క తేల్చాలన్నా, యాప్‌లో ముఖహాజరు ‘లోడింగ్’ దగ్గర తిరుగుతుంటే సిగ్నల్ కోసం మాస్టారు వేపచెట్టు కిందికి పోయి నిలబడాలన్నా, అన్నిటికీ ఆ గడే. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే చెప్పనే అక్కర్లేదు. ఐదు తరగతులకీ ఆయనే మాస్టారు, ఆయనే గుమాస్తా, ఆయనే గంట. ఆయన్ని పట్టుకుని ‘కబడ్డీ ఎందుకు ఆడించలేదు’ అని అడిగేవాడికి గుండె ధైర్యం కావాలి.

అసలు మన బళ్ళలో వ్యాయామ విద్య లేదనడం అన్యాయం. తరతరాలుగా ఉంది. గోడకుర్చీ తొడలకి, గుంజీళ్ళు మోకాళ్ళకి, బెంచీ ఎక్కి చేతులు పైకెత్తి నిలబడటం భుజాలకి. కోదండం ఎవరికి మంచిదో కనిపెట్టినవాళ్ళకే తెలియాలి. ఎక్కం తప్పు చెప్పినవాడికి ఇరవై గుంజీళ్ళు పడేవి. ఆ లెక్కన చదువులో వెనకబడ్డవాడే ఒంట్లో దిట్టంగా తయారయ్యేవాడు. ఇదే విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండన కూడదంది. మంచిమాటే. కానీ దండన పోయాక ఆ ఖాళీలో ఆట వస్తుందనుకున్నాం, రాలేదు. పైగా కొత్త దండన ఒకటి కనిపెట్టాం: హోంవర్కు చెయ్యనివాడికి ఆటల పీరియడు కట్. ఒకప్పుడు ఒళ్ళు వంచడం శిక్ష, ఇప్పుడు ఒళ్ళు వంచనివ్వకపోవడం శిక్ష. రెండింటికీ వేరే పీఈటీ అవసరం లేదు.

ప్రైవేటు బడికి వెళ్తే బీరువా కూడా కనబడదు. నాలుగంతస్తుల భవనం, కింద సెల్లార్లో బస్సులు, పైన డాబా. డాబా మీద మూడువైపులా వలకట్టి, నేలకి ఆకుపచ్చ తివాచీ పరిస్తే అదే ప్లేగ్రౌండు. ఫీజు రసీదులో ‘స్పోర్ట్స్’ అని విడిగా ఒక పద్దు. వారానికోరోజు తెల్ల డ్రెస్సు, తెల్ల కాన్వాసు బూట్లు. అవి కూడా బడిలోనే కొనాలి. తెల్ల డ్రెస్సు రోజు పిల్లల్ని నేలమీద కూర్చోనివ్వరు, పరుగెత్తనివ్వరు. మాసిపోతుందిగా! వారంలో మిగిలిన రోజులకంటే ఆటల రోజునే బడి మరీ నిశ్శబ్దంగా ఉంటుంది.

తల్లిదండ్రులు తక్కువ తిన్నారా? పేరెంట్స్ మీటింగులో ఓ తండ్రి లేచి, మూడో తరగతికి వారంలో రెండు గేమ్స్ పీరియడ్లు దేనికండీ, ఒకటి అబాకస్‌కి ఇవ్వండి అంటాడు. మోకాలు చెక్కుకుపోయిన ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి, టీచర్లు ఏం చేస్తున్నారని నిలదీస్తుంది ఓ తల్లి. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట డాక్టరు చీటీ మీద రాసిచ్చేదాకా వీళ్ళకి చేరదు. చేరాక అదే పిల్లాడిని సాయంత్రం అపార్టుమెంటు పార్కింగులో స్కేటింగు క్లాసుకి పంపుతారు, నెలకింత అని కట్టి. బడిలో ఉచితంగా వచ్చే పరుగు మీద మనకి నమ్మకం తక్కువ.

కోడి రామమూర్తి నాయుడు సర్కసులోకి వెళ్ళకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. ఈ రోజుల్లో అయితే ప్రాథమిక బడిలో ఆయనకి పోస్టే లేదు. హైస్కూల్లో దొరికినా, ప్రేయర్ లైనులో జుట్టు పెరిగినవాళ్ళని ఏరడం, గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఆపడం, మంత్రిగారు వస్తే తాడు పట్టుకుని జనాన్ని వెనక్కి నెట్టడం ఆయన డ్యూటీ. ఏనుగే నయం, ఒక్కసారి ఎక్కి దిగిపోతుంది.

ఇక ఆగస్టు 29. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. 2019లో ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైందీ ఆ రోజే. బడిలో ప్రతిజ్ఞ చేయించాలి, ఫొటోలు తీయాలి, సాయంత్రం ఐదులోగా అప్‌లోడ్ చెయ్యాలి. బ్యానరు కట్టారు. వెనక వరస పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చదువుతున్నారు. ముందు వరసలో నలుగురిని పరుగుపందెంలో ఉన్నట్టు ఒక కాలు ముందుకు వేయించి, పిడికిళ్ళు బిగింపజేసి నిలబెట్టారు. సెల్‌ఫోన్ పట్టుకున్న మాస్టారు ‘రెడీ’ అన్నాడు. రెండో తరగతి బుడతడొకడు ఆ మాట నమ్మి బ్యానరు దాటి గేటు దాకా పరుగెత్తుకుపోయాడు.

“ఒరేయ్, ఎక్కడికిరా! కదలొద్దన్నానా? ఫొటో చెదిరిపోయింది, వచ్చి నిలబడు!”