చిల్పూరు గుట్ట క్రింద ట్యూడరు సౌధము

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అను సామెతలో రెండవ భాగమును మాత్రమే మా చిల్పూరు గుట్టమీది వేంకటేశ్వరస్వామి అనుభవించెను. పద్మావతీ పరిణయమునకై కుబేరునియొద్ద తెచ్చిన అప్పు తీర్చు దారి గానక, ఆ చింతతో ఈ గుట్ట గుహలో తపస్సునకు కూర్చుండెనని స్థలపురాణము. అందుచేతనే ఆయన మాకు బుగులు వేంకటేశ్వరుడైనాడు. మొదటి భాగమును కూడ రుచి చూచి, సొంత యింటి ముఖభాగమును దిద్దింప సంకల్పించి, మేస్త్రితో బేరమాడియుండినచో, స్వామి భక్తులకు దర్శనమిచ్చుటకైనను బయటికి వచ్చెడివాడు కాడని నా నమ్మకము.

నా మేనల్లుడు డెట్రాయిటు నగర శివారున ఉద్యోగము చేయుచున్నాడు. మోటారు కార్ల మూలమున సంపన్నులైన అచ్చటివారు 1920ల కాలమున ఆంగ్లదేశపు ట్యూడరు గృహముల ననుకరించి సౌధములు కట్టించుకొనిరి. డాడ్జి కార్ల ఆస్తికి వారసురాలైన మటిల్డా డాడ్జి విల్సను 1926 మొదలు 1929 వరకు కట్టించిన మెడో బ్రూక్ హాలున 110 గదులు గలవు. ఒక ఆదివారము దానిని చూచి వచ్చిన మావాడు, అట్టి దానిని అచ్చట కొనుట తన తరము కాదని గ్రహించి, చిల్పూరులో మా బావగారు కట్టిన స్లాబు ఇంటికే ఆ యోగము పట్టింప నిశ్చయించి నాకు ఫోను చేసెను.

“మామా, లోపల ఏం ముట్టుకోవద్దు. ఎలివేషన్ మాత్రం ట్యూడర్ రావాలె. బాపును ఒప్పించే పని నీదే.”

ట్యూడరు వంశము 1485 మొదలు 1603 వరకు ఇంగ్లండు నేలినది. ఆనాటి ఇండ్లకు నిట్రముగా నిలిచిన కప్పులు, ఎత్తైన పొగగొట్టములు, పెద్ద అద్దములు చేయ చేతగాక సీసపు పట్టీలతో చిన్న చిన్న పలకలను కూర్చిన కిటికీలు, తెల్లని గోడలపై అడ్డముగను నిలువుగను ఏటవాలుగను కనిపించు కట్టెలు ఉండును. మేనల్లుడు పంపిన అట్టి యింటి ఛాయాచిత్రమును నా ఫోనులో చూచిన మేస్త్రి, వాస్తుపండితులు సైతము మెచ్చదగిన ప్రశ్న నొకదానిని వేసెను: “గీ కట్టెలు గోడ లోపలుంటయా, గోడ మీదుంటయా సారూ?”

రహస్యమంతయు అందే యున్నది. ఇంగ్లండులో ఆ ఓకు కట్టెలే ఇల్లు. గోడ వాని నడుమ ఖాళీలను పూడ్చుటకు వచ్చిన అతిథి. మా బావగారి ఇంటిని మోయునవి సిమెంటు పిల్లరులు; కావున ఇచ్చట కట్టెయే అతిథి. మామూలు చెక్క బిగింతమన్నచో మొదటి వానకాలమునకే చెదలు గృహప్రవేశము చేయును. కడకు సిమెంటుతో పట్టీలు పోసి, లప్పము పెట్టి, వానికి చెక్కరంగు పూయుటకు నిర్ణయమైనది. కట్టె కనబడునట్లు సిమెంటు పూయుటకు అసలు కట్టెకంటె ఎక్కువ కూలి పడునని ఆనాడే నాకు తెలిసినది.

ఇక ఆ కట్టెల నడుమనుండు తెల్లని గోడ సంగతి వినుడు. సన్నని కొమ్మలను తడకగా అల్లి, మట్టియు గడ్డియు పేడయు కలిపి ఇరుప్రక్కల మెత్తి, పైన సున్నము పూయుటయే ట్యూడరు విధానము. ఇది విన్న మా అక్క చాలసేపు నావైపు చూచెను. ఏలయనగా ఆమె కాపురమునకు వచ్చినపుడున్న అత్తవారింటి కొట్టము అచ్చముగా ఇదే విధానమున నిర్మింపబడినది. దానిని నామోషీగా భావించి కూల్చిన పిమ్మటనే ఈ స్లాబు వెలసినది. “గట్లయితే మా అత్త కొట్టం అమెరికోళ్ళ ఇల్లే గదరా తమ్మీ! అప్పుడే చెప్తే కూలగొట్టకపోదుము” అని ఆమె యనగా, బావగారు దినపత్రికలో తలదూర్చిరి. నల్లకట్టె తెల్లగోడ అను సంప్రదాయము కూడ చాలవరకు విక్టోరియా రాణి కాలమువారి సరదాయే గాని, ట్యూడరువారు ఓకును తరచు బూడిదవన్నెకు తిరుగనిచ్చి, గోడకు సున్నముతో పాటు పచ్చమట్టివన్నెలు కూడ వేసెడివారని మేనల్లునికి విన్నవించితిని. ఫోటోలో నలుపే యున్నదని అతడు సెలవిచ్చెను.

ఈ శైలికి మరియొక గుణము గలదు: కట్టించినవానికి అది దక్కదు. కార్డినల్ వుల్సీ 1515 ప్రాంతమున హాంప్టన్ కోర్టు కట్టనారంభించి, రాజుగారి కన్ను పడగా దానిని ఎనిమిదవ హెన్రీకి సమర్పించుకొనెను. మన హైదరాబాదున ఇటలీ, ట్యూడరు శైలుల మేళవింపని పేరుపొందిన ఫలక్‌నుమా ప్రాసాదమునకు 1884లో శంకుస్థాపన చేసిన నవాబు వికారుల్ ఉమ్రా, అప్పులపాలై, తుదకు దానిని ఆరవ నిజామునకు అప్పగించెను. మా మేనల్లునికి నెత్తిన రాజు లేకున్నను బ్యాంకు గలదు; ఇంటిలో నుండునది మాత్రము అక్కాబావలు.

పొగగొట్టమును గూర్చి విస్తరింపను. దానిని చూచి గుట్టకు వచ్చు యాత్రికులు రైసు మిల్లు ఎప్పుడు తెరచెదరని అడుగుచున్నారు.

ఇంటిముందరి భూమి విషయమున ముసలము పుట్టినది. మేనల్లుడు లాను కావలెననెను. సాన్పి చల్లి ముగ్గువేయుటకు జాగ యేదని అక్క అడిగెను. చేలలో కూలి యిచ్చి పీకించు గడ్డిని వాకిట రొక్కమిచ్చి నాటించుట బావగారికి బోధపడలేదు. అయినను బోరునీటితో అది పచ్చబడినది; పచ్చబడిన నాడే గొర్లమంద వచ్చినది. నేను కాపరిని గద్దింపలేదు. గడ్డి కత్తిరించు యంత్రమును ఎడ్విన్ బడింగు 1830లో గాని కనిపెట్టలేదు. అంతకుముందు ఆంగ్ల ప్రభువుల పచ్చికబయళ్ళను కొడవళ్ళును గొర్రెలునే సవరించెడివి. మా ఇంటి మొత్తములో నిక్కమైన ట్యూడరు సంప్రదాయము ఆ పూటనే జరిగినది.

తోట నడుమ మెలికలు తిరిగిన పొదల వరుసలతో ముడితోట యొకటి వేయుమని పటము వచ్చినది. అక్క దానిని చూచి, “ఇది మెలికల ముగ్గే గద!” అని తానే సున్నపుపిండితో గీత గీసి, గీతల వెంట బంతి, సీతజడ, గునుగు నాటించి, మూలలకు పుదీన పెట్టెను. రెండు నెలలు అది కన్నులపండువుగా నుండెను. ఎంగిలిపూల నాటి ఉదయమున వాడ ఆడబిడ్డలందరు బతుకమ్మ పేర్చుకొనుటకు వచ్చి, సాయంత్రమునకు ఆంగ్ల సామ్రాజ్య చిహ్నమును పుదీన మినహా శేషములేకుండ కోసికొనిపోయిరి.

పని ముగిసి ఫోటోలు పంపితిమి. మేనల్లుడు సంతోషించి, అంతయు బాగున్నది గాని మరీ కొత్తగా కనబడుచున్నదనియు, నాలుగువందల యేండ్ల నాటిదని తోచునట్లు గోడలకు మరకలు, కట్టెలకు పగుళ్ళు వేయించు ప్రత్యేకపు రంగుపనివారు అమెరికాలో గలరనియు, ఇచ్చట వారి కూలి యెంతయో కనుగొనుమనియు వ్రాసెను. నేను మేస్త్రినడిగితిని. అతడు గోడను ఒకమారు అరచేత తట్టి చూచి, “ఒక్క ఎండకాలం, ఒక్క వానకాలం ఓపిక పట్టుమనుండ్రి సారూ, గదే పాతగైతది, దానికి మళ్ళ పైసలెందుకు?” అనెను.