ఇంటి మంత్రుల ఊరు

విజయనగరం జిల్లా చీపురుపల్లిలో ఇళ్ల కరువుందని ఎవరైనా అంటే నమ్మకండి. రాష్ట్రానికి ఇళ్ల మంత్రులను సరఫరా చేసిన నియోజకవర్గం ఇది. 2014 జూన్‌లో చంద్రబాబునాయుడు గారు మంత్రివర్గం కూర్చినప్పుడు గ్రామీణ గృహనిర్మాణం చీపురుపల్లి ఎమ్మెల్యే కిమిడి మృణాళిని గారికి దక్కింది. 2019లో జగన్మోహన్‌రెడ్డి గారు వచ్చినప్పుడు పట్టణాల ఇళ్లు చూసే మున్సిపల్ శాఖ చీపురుపల్లి ఎమ్మెల్యే బొత్స సత్యనారాయణ గారికి దక్కింది. పల్లె ఇల్లు ఆ పార్టీకి, పట్నం ఇల్లు ఈ పార్టీకి. ఇంత యోగం ఇంకే మండల కేంద్రానికి పట్టిందో చెప్పండి! ఇన్ని జరిగాక కూడా ఇక్కడ ఎవడి పాకైనా వానకు కారుతోందంటే అది వాడి జాతక దోషమే తప్ప ప్రభుత్వ దోషం కాదు.

మన దగ్గర ఇంటికి ముందు పడేది పునాది కాదు, పేరు. 1983 తర్వాత ఎన్టీఆర్ పక్కా ఇళ్లన్నారు. 2006లో ఇందిరమ్మ ఇళ్లన్నారు. 2016లో మళ్లీ ఎన్టీఆర్ గృహనిర్మాణమన్నారు. 2020లో అవే జగనన్న కాలనీలయ్యాయి. 2024లో బోర్డుల మీదకు ఎన్టీఆర్ తిరిగొచ్చారు. గోడకు సున్నం వెయ్యడానికి ఖజానాలో పైసా ఉండదు గాని, బోర్డు పెయింటరుకు మాత్రం అయిదేళ్లకోసారి చేతినిండా పని. పేరు మారినప్పుడల్లా పాత పేరు మీద సగం లేచిన గోడలు అనాథలైపోతాయి. 2019 ముందు మొదలెట్టినవాళ్లు ఆ తర్వాత బిల్లు అడిగితే, ‘అవి పాత ప్రభుత్వం ఇళ్లు’ అన్నారు. అంటే ఇటుకకు కూడా పార్టీ సభ్యత్వం ఉంటుందన్నమాట. ఎండావానా మాత్రం ఏ పార్టీ గోడనూ విడిచిపెట్టలేదు.

ఎలాగో కట్టుకున్నవాళ్లనైనా వదిలారా? 2021 డిసెంబరులో ఓటీఎస్, అంటే వన్ టైమ్ సెటిల్‌మెంట్ అని ఒకటి తెచ్చారు. 1983 నుంచి 2011 దాకా హౌసింగ్ కార్పొరేషన్ అప్పుతో ఇల్లు కట్టుకున్న పల్లెటూరివాడు పదివేలు కడితే, ఆ ఇల్లు వాడిదేనని రాసిస్తామన్నారు. నలభై ఏళ్లు అందులోనే కాపురం చేసి, పిల్లల పెళ్లిళ్లు చేసి, ముసలాడైపోయినవాడికి ‘ఇల్లు నీదే నాయనా’ అని చెప్పడానికి పదివేలు. కబురు అంత తీయటిదైనప్పుడు ఊరికే ఎవరు చెబుతారు?

ఇక లెక్కల్లోకి వద్దాం. జగనన్న కాలనీల్లో పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటున్నర అంటే డెబ్బై రెండున్నర గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. ఆ ఇంట్లోనే హాలు, పడకగది, వంటగది, మరుగుదొడ్డి, వరండా! మా పక్క రైతుకూలీ ఇంట్లో ఒక ఆవో మేకో, ధాన్యం బస్తాలు రెండు, పొయ్యిలోకి కర్రలు, సైకిలు, మంచాన పడ్డ తల్లి ఉంటారు. ప్లాను గీసినవాడికి ఇవేవీ తగల్లేదు. ఆవును హాల్లో కూర్చోబెట్టాలో, అమ్మను వరండాలో కట్టెయ్యాలో ఆ కాగితంలో రాయలేదు.

ఆ కాలనీల్లో ఇంటికిచ్చింది లక్షా ఎనభై వేలు. దాన్ని 340తో భాగిస్తే అడుగుకు అయిదు వందల ఇరవై తొమ్మిది రూపాయలు. ఈ రేటుకు కడతారా అని చీపురుపల్లి మెయిన్ రోడ్డు మీద ఏ మేస్త్రినైనా అడిగి చూడండి. టీ తాగించి మరీ పంపిస్తాడు, ఒంట్లో బాగోలేదనుకుని. సిమెంటు, ఇనుము, మేస్త్రి కూలి కలిపితే అడుగు ఎంతకు తేలుతుందో తెలిసిన మనిషి ఆ అంకెలోంచి ఇల్లు లేపలేడు. ఐఏఎస్ చదివినవాళ్లే లేపగలరు, అదీ కాగితం మీద.

ప్రభుత్వానికి కట్టడం చేతకాదనుకుంటే పొరపాటు. విశాఖ వెళ్లి రుషికొండ చూడండి. నాలుగు వందల కోట్లు పైబడి పోసి సముద్రం కనపడేలా భవనాలు కట్టారు. అక్కడ సెంటున్నర నిబంధన ఎవరికీ గుర్తు రాలేదు. అటు అమరావతిలో ఇప్పుడు సచివాలయానికి ఆకాశమంత టవర్లు లేస్తున్నాయి. వాటిలో ఏ అంతస్తు బిల్లైనా ‘పాత ప్రభుత్వం అంతస్తు’ అని ఆగుతుందేమో చూడాలి.

ఆ టవర్లకు ఇటుక మోసేదెవరు? ఇంకెవరు, మావాళ్లే. హైదరాబాదులో, విశాఖలో, చెన్నైలో పైకి లేచే అపార్ట్‌మెంట్ ఏదైనా సరే, కింద రేకుల షెడ్డులోకి తొంగి చూస్తే విజయనగరం, శ్రీకాకుళం యాసే వినిపిస్తుంది. 2014లో మా ఎమ్మెల్యే గృహనిర్మాణ మంత్రిగా ప్రమాణం చేసిన ఇరవై రోజులకు, జూన్ 28న, చెన్నై మౌలివాక్కంలో కడుతూ ఉన్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది పోయారు. వాళ్లలో ఎందరో ఈ రెండు జిల్లాలవాళ్లు. పరాయివాళ్ల పడకగదులు కట్టడానికెళ్లి వాటి కిందే పోయారు. ఇక్కడ వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. వాక్యం ఇలాగే ఉండనీండి.

అలాంటి మేస్త్రి ఒకడు సొంతూరికొచ్చి సొంత ఇల్లు మొదలెట్టాడనుకోండి. హైదరాబాదులో వాడి రోజు కూలి వెయ్యి దాకా. ఇక్కడ తన గోడ తాను కట్టుకుంటే, పల్లె ఇంటికి కలిపే తొంభై రోజుల ఉపాధి కూలి కింద ప్రభుత్వం కట్టే విలువ రోజుకు 307 రూపాయలు. ఇది 2025-26 రేటు. అదే చెయ్యి, అదే తాపీ. ఊరు మారేసరికి చేతి విలువ మూడో వంతుకు పడిపోయింది. వాడింకా ఇక్కడే ఉంటాడా? పునాది వేసి రైలెక్కేస్తాడు. అప్పుడు గ్రామ సచివాలయం కుర్రాడి నుంచి ఫోను.

‘మేస్త్రీ, ఫొటో తియ్యాలి. నువ్వు ఇంటి ముందు నిలబడాల.’

‘ఇల్లేదీ బాబూ నిలబడడానికి? బేస్‌మెంటే కదా ఉంది.’

‘దాని మీద నిలబడు. వేలిముద్ర కూడా పడాల. లేకపోతే బిల్లు పడదు.’

‘స్లాబెయ్యాలంటే డబ్బులు కావాల, డబ్బులు రావాలంటే స్లాబెయ్యాల అంటన్నారు. ఇదేటి లెక్క బాబూ?’

‘నాకేటి తెలుసు మేస్త్రీ, యాప్ అలాగే అడుగుతోంది.’

ఆ కుర్రాణ్ని ఏమనగలం? వాడూ అద్దె ఇంట్లోనే ఉంటాడు.

విజయనగరం దగ్గర గుంకలాం లేఅవుట్ గుర్తుందా? 2020 డిసెంబరు 30న ముఖ్యమంత్రి వచ్చి పట్టాలు పంచారు. 397 ఎకరాలు, 12,301 ప్లాట్లు. ఏకంగా ఊరే కడతామన్నారు. 2022 నవంబరులో పవన్ కల్యాణ్ గారు అదే చోటికొచ్చి జగనన్న ఇళ్లు, పేదలందరికీ కన్నీళ్లు అన్నారు. బాగానే అన్నారు. ఇప్పుడాయన ఉప ముఖ్యమంత్రి. పల్లెల రోడ్లూ మంచినీళ్లూ చూసే శాఖ ఆయన చేతిలోనే ఉంది. కన్నీళ్ల సంగతి తెలిసిన మనిషే మంచినీళ్ల మంత్రి అయ్యాడు కాబట్టి, ఊరవతల మిగిలిపోయిన లేఅవుట్లన్నిటికీ కుళాయి వస్తుందని ఎదురుచూడడంలో తప్పులేదు.

ఇప్పటి కూటమి ప్రభుత్వం వాగ్దానం సెంటున్నర కాదు, పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు. చాలా పెద్ద మనసు. స్థలం రెట్టింపైతే పెరట్లో మునగచెట్టుకూ ఆవుకూ చోటు దొరుకుతుంది, నిజమే. ఎస్సీ, బీసీలకు మరో యాభై వేలు, ఎస్టీలకు డెబ్బై అయిదు వేలు అదనంగా ఇస్తామని 2025 మార్చిలో చెప్పారు. అదీ మెచ్చుకోవాల్సిందే. అంటే లక్షా ఎనభై వేలకు ఇల్లు లేవదని ప్రభుత్వమే సంతకం పెట్టి ఒప్పుకుందన్నమాట. మరి మూడు సెంట్ల నేల ఊళ్లో ఎక్కడుంది? ఊరిపక్క ఎకరం ధర చూసి కొనగలరా, లేక మళ్లీ చెరువు గట్టుకో కొండవాలుకో తోలతారా? ఆ సంగతి అడిగితే మాత్రం గిరీశం లాగా ఉపన్యాసం మొదలవుతుంది.

కాబట్టి నాదొక మనవి. చీపురుపల్లికి మూడో ఇంటి మంత్రి కూడా రావచ్చు. ఇక్కడి గాలి అలాంటిది. ఈసారి ఆయన జీతం కూడా ఇంటి బిల్లుల్లాగే లెవెళ్ల ప్రకారమే ఇవ్వండి. ప్రమాణం చేస్తే బేస్‌మెంట్ లెవెల్. నియోజకవర్గంలో వంద ఇళ్లకు స్లాబు పడితే రూఫ్ లెవెల్. ప్రతి లెవెల్‌కీ ఆయనే స్వయంగా వచ్చి ఆ స్లాబు కింద నిలబడి ఫొటో దిగాలి, వేలిముద్ర వెయ్యాలి, సిగ్నల్ దొరక్కపోతే రేపు మళ్లీ రావాలి. కారు, బంగళా అన్నీ పూర్తయ్యాక. ఆఖరి బిల్లు కోసం మాత్రం కంగారు పడనక్కర్లేదు, అది తర్వాతొచ్చే ప్రభుత్వం ఇస్తుంది.